అక్టోబర్ చివర్లో అరకు నుంచి లంబసింగి దాకా సైకిళ్ల మీద: నాలుగు రోజులు చాలవు, ఐదు పెట్టుకోండి

నలుగురు స్నేహితులు, అక్టోబర్ ఆఖరి వారం, మౌంటెన్ బైకుల మీద సామాను కట్టుకుని శృంగవరపుకోటలో మొదలుపెట్టి అరకు, పాడేరు, చింతపల్లి, లంబసింగి మీదుగా నర్సీపట్నంలో దిగాలి. నాలుగు రోజులు సరిపోతాయా, రోజుకి 80 కిలోమీటర్లు తొక్కగలమా, టెంట్ లేకుండా వెళ్తున్నాం కదా, ఖరీదైన హ్యాండిల్ బ్యాగుతో సహా బ్యాగులకి ఎంత ఖర్చు పెట్టాలి? ఇదీ మీ ప్రశ్న. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు ఉన్న ట్రాక్ మీద వారానికి రెండుసార్లు 50 కిలోమీటర్లు తొక్కుతున్నామని కూడా రాశారు. ఆ దారిలో నేను స్నేహితులతో నాలుగుసార్లు వెళ్లాను, మూడుసార్లు ఈ సీజన్‌లోనే. కాబట్టి ముందే చెప్పేస్తున్నా: 80 వద్దు. రోజుకి 30 నుంచి 55 మధ్య పెట్టుకోండి, ఇంకో రోజు సెలవు అడగండి. బ్యాగుల సంగతి తర్వాత మాట్లాడదాం, అది మీరనుకున్నంత పెద్ద విషయం కాదు.

ట్రాక్ మీద తొక్కే అలవాటు మంచిదే, గుండె, ఊపిరి సిద్ధంగా ఉంటాయి. కానీ ఘాట్ రోడ్డు మీద కిలోమీటర్ల లెక్క పనికిరాదు, ఎంత ఎత్తు ఎక్కుతున్నామన్నదే లెక్క. సామానుతో కలిపి మనిషీ సైకిలూ 95 కిలోలు అనుకుంటే, ఆరు శాతం వాలులో గంటకి ఆరు కిలోమీటర్ల వేగం నిలబెట్టడమే మామూలు రైడర్‌కి గంటల తరబడి చేయగలిగిన పని. ఆగడాలూ నీళ్లు తాగడాలూ కలుపుకుంటే గంటకి 300 మీటర్ల ఎత్తు ఎక్కారంటే బాగా ఎక్కినట్టే. నేను ప్లాన్ వేసేటప్పుడు చదును మీద గంటకి 15 కిలోమీటర్లు అనుకుని, ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకీ ఇంకో 20 నిమిషాలు కలుపుతాను. ఈ లెక్క ఇంతవరకూ నన్ను మోసం చేయలేదు. బొడ్డవర దగ్గర కొండ మొదలైన చోటు నుంచి గాలికొండ వ్యూ పాయింట్ దాకా వెయ్యి మీటర్ల పైచిలుకే ఎక్కాలి. అంటే ఎక్కుడుకే మూడున్నర గంటలు, పైన మామూలు తొక్కుడు, తిండి, ఫోటోలు. ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. అక్టోబర్ ఆఖరికి ఆ వైపు సాయంత్రం ఐదున్నర లోపే పొద్దు వాలిపోతుంది, కొండ మలుపుల్లో నాలుగున్నరకే నీడ కమ్మేస్తుంది. మూడున్నరకల్లా బస చేరిపోవాలని పెట్టుకుంటే ఏదైనా తేడా వచ్చినా రెండు గంటల వెలుగు చేతిలో ఉంటుంది.

అందుకే ఐదు రోజులు. మొదటి రోజు శృంగవరపుకోట నుంచి అనంతగిరి. టైడ, డముకు దాటుకుంటూ ముప్పై కిలోమీటర్లకి అటూ ఇటూ, దాదాపు అంతా పైకే. రెండో రోజు గాలికొండ మీదుగా సుంకరిమెట్ట కాఫీ తోటల్లో ఆగుతూ అరకు. ఇది చిన్న రోజు, కావాలనే చిన్నగా పెట్టాను, ఎందుకంటే మొదటి రోజు ఎక్కుడు తాలూకు నొప్పులు రెండో రోజు పొద్దున్నే తెలుస్తాయి. మూడో రోజు అరకు నుంచి హుకుంపేట మీదుగా పాడేరు, 45 కిలోమీటర్ల దాకా ఉంటుంది, పెద్ద ఘాట్ లేదుగానీ ఎక్కడం దిగడం మాత్రం ఆగదు. నాలుగో రోజు జి.మాడుగుల మీదుగా చింతపల్లి, ఇదే అన్నిటికన్నా పెద్ద రోజు, పొద్దున్న ఆరున్నరకే కదలాలి. ఐదో రోజు లంబసింగి మీదుగా నర్సీపట్నం దిగిపోవడం. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీంచి మేఘాలు చూడాలనుంటే పాడేరులో ఒక రాత్రి ఎక్కువ ఉండి, సామాను గదిలోనే పెట్టి, చీకటితోనే లైట్లు వేసుకుని వెళ్లండి. బ్యాగులతో ఆ మట్టి దారి ఎక్కాలని మాత్రం చూడకండి, పైన కొంత ఎలాగూ నడవాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతి. స్నేహితులతో వెళ్లే ప్రయాణం సైకిళ్ల వల్ల చెడిపోవడం నేను పెద్దగా చూడలేదు, వేగాల తేడా వల్ల చెడిపోవడం చూశాను. మా మొదటి ట్రిప్పులో నలుగురిలో ఇద్దరు బాగా బలమైనవాళ్లు. గాలికొండ దాటాక దిగుడు వచ్చేసరికి వాళ్లు ఆగలేదు, అరకులో కలుద్దాం అని చెయ్యి ఊపి వెళ్లిపోయారు. పది నిమిషాల తర్వాత నా పక్కన తొక్కుతున్నవాడి వెనక టైరు రాతి అంచుకి తగిలి ట్యూబ్ రెండు చోట్ల చీలిపోయింది. పంపు, ప్యాచీలు, స్పేర్ ట్యూబ్ అన్నీ ముందు వెళ్లినవాళ్ల బ్యాగులో ఉన్నాయి. ఫోన్‌కి సిగ్నల్ లేదు. గంటన్నర సైకిల్ నడిపించుకుంటూ వెళ్లాం, చీకటి పడింది, చలికి వాడి పళ్లు టకటక కొట్టుకోవడం నాకు వినిపిస్తూనే ఉంది. చివరికి ఒక కూరగాయల ఆటో అతను ఆపి, క్యాబేజీ బస్తాలు ఒక పక్కకి నెట్టి, సైకిళ్లు పైన తాడుతో కట్టి మమ్మల్ని అరకు చేర్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు, టీ మాత్రం తాగాడు. ఆ రాత్రి మేం నలుగురం పెద్దగా మాట్లాడుకోలేదు. ఆ మౌనం పోవడానికి రెండు రోజులు పట్టింది, అది నాకు పంక్చర్ కన్నా ఎక్కువ బాధ పెట్టింది.

అప్పటి నుంచి మా పద్ధతి ఒక్కటే. రిపేరు సామానంతా అందరికన్నా వెనక తొక్కేవాడి దగ్గరే ఉంటుంది, ఆ వెనక ఉండేవాడు అందరికన్నా బలమైనవాడు. నెమ్మదిగా తొక్కేవాళ్లు ముందు. ప్రతి జంక్షన్ దగ్గరా, ప్రతి కొండ నెత్తినా అందరూ చేరేదాకా ఎవరూ కదలకూడదు. చివర వచ్చినవాడు రాగానే బయలుదేరకూడదు కూడా, వాడు నీళ్లు తాగి ఊపిరి పీల్చుకుని సరే అన్నాకే కదలాలి. ముందు వచ్చినవాళ్లు పదిహేను నిమిషాలు కూర్చుని ఉంటారు, వాడికి మాత్రం రెస్ట్ దొరకదు, రోజంతా ఇలాగే సాగితే మధ్యాహ్నానికి వాడు కూలబడతాడు. మీ నలుగురిలో ఎవరు నెమ్మదో మీకు తెలిసే ఉంటుంది. రోజు ప్లాన్ అతని వేగంతో వేయండి, ఆ మాట అతని ముందే, బయలుదేరక ముందే మాట్లాడుకోండి. ఎవరైనా మధ్యలో వద్దనుకుంటే ఏ టెన్షన్ లేకుండా ఆటోనో బస్సో ఎక్కి సాయంత్రం బసలో కలిసే వీలుండాలి, దానికి ఎవరూ ఏమీ అనకూడదని కూడా ముందే అనుకోండి.

మధ్యలో వదిలేయాల్సి వస్తే ఎలా అన్నది దారిని బట్టి మారుతుంది, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. బొడ్డవర నుంచి అరకు దాకా కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం మీకు దగ్గర్లోనే ఉంటుంది, కాబట్టి మొదటి రెండు రోజులూ ఏదో ఒక స్టేషన్‌కి చేరితే విశాఖ వెళ్లిపోవచ్చు. రైళ్లు తక్కువ, టైములు రాసిపెట్టుకోండి. అరకు తర్వాత ఆ లైను ఒడిశాలోకి, కోరాపుట్ వైపు తిరిగిపోతుంది. ఇక మీకు రైలు లేదు. పాడేరు నుంచైతే ఘాట్ దిగి చోడవరం మీదుగా విశాఖ వెళ్లే బస్సులున్నాయి, చింతపల్లి నుంచి నర్సీపట్నం బస్సులున్నాయి, జీపులూ దొరుకుతాయి. బస్సులో సైకిల్ ఎక్కించుకోవడం కండక్టర్ దయ మీద ఉంటుంది, ముందు చక్రం తీసి గోనెసంచిలో చుట్టి అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. పాడేరుకి, చింతపల్లికి మధ్య ఉన్న నాలుగో రోజే మీకు అన్నిటికన్నా కష్టమైన రోజు, అందుకే పాడేరులో మూడో రాత్రి కూర్చుని నలుగురూ నిజాయితీగా మాట్లాడుకోండి. ఒకరి మోకాలు నొప్పి పెడుతుంటే అక్కడే తేల్చుకోవాలి.

సైకిల్ విషయానికి వస్తే, ఖరీదు కాదు, గేరు చూడండి. ముందు పెడల్స్ దగ్గర చైన్ తిరిగే పళ్ల చక్రాల్లో చిన్నదాని పళ్ల కన్నా, వెనక ఇరుసు దగ్గరున్న పళ్ల చక్రాల్లో పెద్దదాని పళ్లు బాగా ఎక్కువ ఉండాలి. ముందు మూడు పళ్ల చక్రాలున్న పాత రకంలో 22 పళ్లకి వెనక 32 ఉంటే నిశ్చింతగా వెళ్లొచ్చు. ముందు ఒకే పళ్ల చక్రం ఉన్న కొత్త రకమైతే 32కి వెనక 46 గానీ 51 గానీ ఉండాలి. 11 పళ్ల నుంచి 36 దాకా ఉన్న క్యాసెట్‌తో, అంటే వెనక పళ్ల చక్రాల కట్టతో, ముందు 34 పెట్టుకుని ఒక స్నేహితుడు వచ్చాడు, అనంతగిరి చేరేసరికి మోకాళ్లు పట్టేసి మర్నాడు రైలెక్కాడు. క్యాసెట్ మార్చడానికి అయ్యే డబ్బులు మీరు కొందామనుకుంటున్న ఆ ఖరీదైన హ్యాండిల్ బ్యాగు కన్నా తక్కువే ఉంటాయి.

టైరు 2.1 నుంచి 2.25 అంగుళాల మధ్య చాలు. ఈ దారిలో చాలా భాగం 516ఇ జాతీయ రహదారి, దాని విస్తరణ పనుల వల్ల ఒక చోట నున్నటి కొత్త తారు, ఇంకో చోట గుల్ల కంకర, వాన పడితే ఎర్రమట్టి బురద, ఇవన్నీ ఒకే రోజులో తగులుతాయి. ట్యూబులుంటే గాలి 30 పీఎస్ఐకి కాస్త అటూ ఇటూ పెట్టండి, మరీ తగ్గిస్తే రాళ్ల మీద ట్యూబ్ నలిగి పాము కాటులా రెండు రంధ్రాలు పడతాయి. ట్యూబ్‌లెస్ అయితే ఇంకో ఐదు తగ్గించుకోవచ్చు, రంధ్రాలు పూడ్చే ద్రవం, అదే సీలెంట్, మాత్రం బయలుదేరే వారం ముందు కొత్తది పోయించండి. స్పేర్ ట్యూబులు మనిషికి ఒకటి, చైన్ లింకులు రెండు, వెనక గేరుని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న ముక్క, అదే గేర్ హ్యాంగర్, మీ సైకిల్‌కి సరిపోయేది ఒకటి తప్పనిసరి. ఆ హ్యాంగర్ ప్రతి మోడల్‌కీ వేరుగా ఉంటుంది, విరిగితే పాడేరులో కాదు కదా విశాఖలో కూడా వెంటనే దొరుకుతుందని నమ్మకం లేదు.

బ్రేకుల దగ్గర మాత్రం కొంచెం ఎక్కువ రాస్తాను. లంబసింగి నుంచి నర్సీపట్నం వైపు దిగే ఘాట్‌లో 2019లో నా ముందు వెళ్తున్న స్నేహితుడి సైకిల్ నుంచి కాలిన వాసన వచ్చింది, ముందు లారీ వాసన అనుకున్నాను. మలుపులో వాడు కాలు నేలకి రాస్తూ ఆపాడు. దగ్గరికి వెళ్లి చూస్తే వెనక డిస్కు నీలం రంగుకి తిరిగింది, లివరు నొక్కితే హ్యాండిల్‌కి అంటుకుపోతోంది, బ్రేకు ప్యాడ్ మీది రాపిడి పొర మొత్తం అరిగి ఇనప రేకు డిస్కుని గీస్తోంది. నాలుగు రోజులు బురదలో, ఇసుకలో తొక్కాం, ఏ రాత్రీ ప్యాడ్లు చూడలేదు. నీళ్ల సీసా తీసి పోయబోయాడు, చెయ్యి పట్టుకుని ఆపాను, ఎందుకంటే అంత వేడి డిస్కు మీద చన్నీళ్లు పడితే వంకర పోతుంది. అరగంట కూర్చుని చల్లారనిచ్చి, స్పేర్ ప్యాడ్లు వేసి దిగాం. కాబట్టి కొత్త ప్యాడ్లతో బయలుదేరండి, ఇంకో జత వెంట ఉంచుకోండి, రోజూ రాత్రి ఫోన్ టార్చ్ వేసి మందం చూడండి, ఒక మిల్లీమీటరుకి వచ్చిందంటే మార్చేయండి. దిగేటప్పుడు బ్రేకు నొక్కి పట్టుకుని ఉండొద్దు. మలుపు ముందు రెండూ గట్టిగా నొక్కి వేగం తగ్గించాలి, తర్వాత వదిలేయాలి, డిస్కుకి గాలి తగలాలి. వెనక సీటు బ్యాగులో బరువున్నప్పుడు ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది, మొదటి రోజు చదును మీదే రెండు మూడుసార్లు గట్టిగా బ్రేకు వేసి ఆ తేడా తెలుసుకోండి.

ఇక బ్యాగులు. మీరు టెంట్ వేయడం లేదు, అది సరైన నిర్ణయమే. అనంతగిరిలో, అరకులో టూరిజం వాళ్ల బసలు, పాడేరు, చింతపల్లిలో లాడ్జీలు ఉన్నాయి. కాబట్టి మనిషికి నీళ్లు కాక ఐదారు కిలోలు దాటకూడదు. దానికి సీటు వెనక ఒక బ్యాగు, ఫ్రేము మధ్యలో ఒక బ్యాగు చాలు. బరువైనవి, అంటే రిపేరు సామాను, తిండి, ఫ్రేము మధ్యలో కిందకి పెట్టండి, బట్టలు సీటు వెనక. హ్యాండిల్ మీద బరువు పెడితే కంకరలో ముందు చక్రం మాట వినదు. ఆ బ్యాగు డబ్బులు మిగిల్చి మంచి రెయిన్ జాకెట్ కొనండి, పలచటి ఉన్ని స్వెటర్ ఒకటి, చేతి గ్లోవ్స్, ముందూ వెనకా లైట్లు. బ్యాగు వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నా బట్టలు పాలిథిన్ కవర్లో చుట్టే పెట్టండి.

సీజన్ గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఆశ్వయుజం ఆఖరు, కార్తీకం మొదలు ఆ కొండలకి ఏడాదిలోకెల్లా అందమైన రోజులు. వానలకి కడిగిన కొండలు, నిండుగా పారే గెడ్డలు, వాలు మీద పసుపు ఆరబోసినట్టు వలిసె పూలు, కోతకొచ్చిన చోడి, సామ, సిల్వర్ ఓక్ చెట్ల కింద ఎర్రబడుతున్న కాఫీ పళ్లు. అయితే ఇదే తుఫాన్ల కాలం కూడా. హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది 2014 అక్టోబర్ 12న, ఆ గాలికి కాఫీ తోటల నీడ చెట్లు సైతం కూలాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినిపిస్తే వాతావరణ శాఖ బులెటిన్ రోజుకి రెండుసార్లు చూడండి, వాయుగుండంగా మారిందంటే ట్రిప్పు వారం వెనక్కి జరపండి. టికెట్ల డబ్బులు పోతే పోయాయి. వాన పడిన మర్నాడు ఘాట్ రోడ్డు మీద కొండచరియల మట్టి జారి ఉంటుంది, వాగు రోడ్డు మీదుగా పారుతుంటే సైకిల్‌తో దాటే ప్రయత్నం చేయకండి. ఇక పొద్దున పూట పొగమంచు. లంబసింగి వైపు ఎనిమిదింటి దాకా ఇరవై అడుగుల దూరం కూడా కనపడని రోజులుంటాయి, అప్పుడు దిగుడులో లారీ డ్రైవర్‌కి మీరు కనపడరు. ఆగి టీ తాగండి. వారాంతాల్లో అక్కడ కార్లు బారులు తీరుతాయి, మీ ఐదో రోజు మంగళవారమో బుధవారమో పడేలా చూసుకోండి.

తిండి సంగతి తేలిక. పొద్దున ఏ ఊళ్లోనైనా ఇడ్లీ, పూరీ దొరుకుతాయి, కడుపునిండా తినే కదలండి. జేబులో వేరుశనగ చిక్కీ, అరటిపళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. ఎక్కుడులో ఆకలి వేయక ముందే గంటకోసారి ఏదో ఒకటి తినాలి, ఆకలి వేసిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. బొంగు చికెన్ సాయంత్రానికి ఉంచుకోండి, మధ్యాహ్నం తిని ఎక్కలేరు. జి.మాడుగుల దాటాక ఒకసారి నీడలో కూలబడి ఉంటే పక్క ఇంటి నుంచి ఒక పెద్దావిడ వచ్చి, అడ్డాకు డొప్పలో చోడి అంబలి పోసి నా చేతిలో పెట్టింది. చల్లగా, కొంచెం పుల్లగా, అడుగున రెండు ఉల్లిపాయ ముక్కలు. ఆమె మాటలు నాకు సగమే అర్థమయ్యాయి, తాగు తాగు అన్నట్టు చెయ్యి ఊపింది. ఆ తర్వాతి ఎక్కుడు ఎలా ఎక్కానో తెలియలేదు. అక్కడి వాళ్లు అలాంటివాళ్లు. అడగకుండా ఫోటోలు తీయొద్దు, ముఖ్యంగా ఆడవాళ్లవి, పిల్లలవి. పిల్లలకి చాక్లెట్లు విసరొద్దు, ప్లాస్టిక్ కవర్లు మీతోనే వెనక్కి తెచ్చుకోండి.

రెండు జాగ్రత్తలు మిగిలాయి. ఒకటి, చెక్‌పోస్టుల దగ్గర గంజాయి కోసం బ్యాగులు తనిఖీ చేస్తారు. ఆధార్ పై జేబులో ఉంచుకుని మర్యాదగా తెరిచి చూపించండి, ఐదు నిమిషాల పని. దారిలో ఎవరైనా ఈ చిన్న పార్సిల్ నర్సీపట్నంలో ఇచ్చేయండి అంటే, ఎంత మంచిగా అడిగినా తీసుకోవద్దు. రెండు, మన్యంలో మలేరియా ఉంది. సాయంత్రం అయ్యేసరికి నిండు చేతుల చొక్కా, దోమల క్రీము, గదిలో దోమతెర ఉందో లేదో చూసుకోండి. తిరిగొచ్చిన రెండు మూడు వారాల తర్వాత జ్వరం వచ్చినా సరే, డాక్టర్‌కి ఏజెన్సీకి వెళ్లొచ్చామని మీరే చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి, హైదరాబాద్‌లో ఆ మాట వాళ్లంతట వాళ్లకి తట్టకపోవచ్చు. ఊట నీళ్లు ఎంత తేటగా కనపడినా క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగి తాగండి.

హైదరాబాద్ నుంచి సైకిళ్లు తీసుకెళ్లేటప్పుడు పార్సిల్‌గా కాకుండా మీ టికెట్ మీద లగేజ్‌గా బుక్ చేయండి, అప్పుడే మీరెక్కిన రైల్లోనే బ్రేక్ వ్యాన్‌లో వస్తాయి. రెండు గంటల ముందే స్టేషన్‌కి వెళ్లండి, పెడల్స్ విప్పండి, డిస్కుల మధ్య అట్టముక్క పెట్టి కట్టండి, గేర్ ఉన్న వైపు పైకి ఉండేలా పెట్టమని కూలీకి చెప్పండి. బయలుదేరే ముందు రెండు వారాంతాలు అనంతగిరి కొండలకి, అదే వికారాబాద్ వైపుకి, నిండు సామానుతో వెళ్లి ఒక రాత్రి ఉండి రండి. అక్కడి ఎక్కుడు చిన్నదే, కానీ సీటు బ్యాగు ఊగుతుందో లేదో, ఎవరి వేగం ఎంతో, ఎవరికి పొద్దున్నే లేవడం కష్టమో అన్నీ తెలిసిపోతాయి. మీ నాలుగు సైకిళ్ల గేర్ పళ్లూ, బ్రేకు రకమూ రాయలేదు మీరు. అవి రాస్తే ఏది మార్చాలో ఏది అలాగే ఉంచొచ్చో ఒక్కోదానికి విడిగా చెప్తాను.